రెండు వేల అడుగుల తేడా

నాలుగో ఆదివారం కూడా గురుమూర్తి ఓడిపోయాడు.

ఫోనులో ఫలితం స్పష్టంగానే ఉంది. రోజుకు సగటున గురుమూర్తి పదకొండు వేల అడుగులు. ఆయన భార్య పార్వతి పదమూడు వేలు.

"అయితే ఈ వారం కూడా మీకు కాఫీ లేదు," అంది పార్వతి, తన గ్లాసు ఆయన ముక్కుకు వాసన తగిలేంత దగ్గరగా పట్టుకుని.

షరతు కూతురు వీణది. ఇద్దరికీ షుగర్ హద్దు దాటిందని డాక్టరు చెప్పగానే వడోదరా నుంచి రెండు స్మార్ట్ వాచీలు పంపింది. వాచీ అడుగులు లెక్కపెడుతుంది. ఆ లెక్క ముగ్గురి ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఎక్కువ నడిచినవాళ్ళకు రోజుకో గ్లాసు కాఫీ. ఓడినవాళ్ళకు వారమంతా మజ్జిగ.

గురుమూర్తికి కాఫీ అంటే ప్రాణం. సూరత్‌కు బదిలీ మీద వచ్చి పదకొండేళ్ళయినా, బ్యాంకులో అందరూ చాయ్ తాగుతుంటే ఆయనొక్కడే ఇంటి నుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకునేవాడు. ఇప్పుడా ఫ్లాస్కులో మజ్జిగ. ఓడిపోయిన మనిషికి వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా వెక్కిరింపులాగే వినిపిస్తుంది.

అసలు పార్వతి ఎక్కడ నడుస్తోంది? వంటింటి నుంచి బాల్కనీకి పద్దెనిమిది అడుగులు. ఆయన స్వయంగా కొలిచి చూశాడు. ఆయనంటే రోజూ ఉదయం ఆరున్నరకు కాన్వాసు బూట్లు తొడుక్కుని బయల్దేరతాడు, ఎనిమిదికి తిరిగొస్తాడు. సాయంత్రం మళ్ళీ ఓ విడత. నెల తిరిగినా ఆ బూట్ల అడుగు తెల్లగానే ఉంది. "అరుగుదల లేదు" అని వాటికి ఆన్‌లైన్‌లో అయిదు నక్షత్రాలు కూడా ఇచ్చాడు.

కొన్న ప్రతి వస్తువు మీదా అభిప్రాయం రాయడం ఆయన అలవాటు. దోమల బ్యాటుకు రెండు నక్షత్రాలు, గొడుగుకు మూడు. ఆ ఆదివారం వాచీకి ఒక్కటే ఇచ్చాడు. "ఒకే రకం వాచీలు రెండు. ఒకదానికీ ఇంకోదానికీ రోజుకు రెండు వేల అడుగుల తేడా. కదలని మనిషి కూడా దీనికి కదిలినట్టే కనిపిస్తుంది."

గంటలో కంపెనీ జవాబిచ్చింది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. వాచీ ఏ చేతికి కట్టుకుంటున్నారో దయచేసి తెలపండి. ఎక్కువగా ఆడే చేతికి కడితే లెక్క కొంత పెరుగుతుంది."

"నేను అడిగిందేమిటి, వీళ్ళు చెప్పేదేమిటి," అంటూ ఫోను పక్కన పడేశాడు. అది వెంటనే మోగింది. వీణ. ఆయన రాసిన అభిప్రాయం అప్పటికే చదివేసింది.

"వాచీకి అబద్ధం చెప్పడం రాదు నాన్నా. అమ్మ నడుస్తోంది. ఒప్పేసుకో."

"మీ అమ్మ మొన్న బుధవారం వెయ్యి అడుగులు కూడా వెయ్యలేదు. అది చూశావా?"

"ఆ రోజు నీవీ తొమ్మిది వందలేగా."

గురుమూర్తి దగ్గాడు. "నాకు మోకాలి నొప్పి."

సోమవారం రాత్రి భోజనాల దగ్గర ఆధారం దొరికింది. పార్వతి మజ్జిగ పోస్తుంటే ఆమె వాచీ పట్టీలో ఇరుక్కుని ఓ ఊదారంగు దారప్పోగు కనిపించింది. ఇంట్లో కుట్టుమిషను లేదు. పార్వతికి ఊదారంగు చీరా లేదు. అలాంటి పోగు ఎక్కడ అంటుకుంటుందో గురుమూర్తికి బాగా తెలుసు.

పనిమనిషి ఐలమ్మ భర్త నర్సింగం ఊళ్ళోనే లింబాయత్ పేటలో మరమగ్గాలు నడుపుతాడు. జగిత్యాల వైపు మనిషి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా పన్నెండు మగ్గాల మధ్య తిరుగుతూనే ఉంటాడు. అతనికి బ్యాంకులో ఖాతా తెరిపించింది గురుమూర్తే. అప్పట్నుంచి ఆయన ఏ పని చెప్పినా కాదనడు. బుధవారం కరెంటు లేక మగ్గాలు ఆగిపోయాయని, మొగుడు ఇంట్లోనే పడుకున్నాడని ఐలమ్మ అనడం కూడా ఇప్పుడు గుర్తొచ్చింది.

రెండో శనివారం బ్యాంకుకు సెలవు. షేర్ ఆటో ఎక్కి లింబాయత్‌లో దిగాడు. దారి పొడవునా మనసు ఉడుకుతూనే ఉంది. ముప్పై ఏళ్ళ కాపురంలో పార్వతి తన దగ్గర ఏదీ దాచలేదనుకున్నాడు. మోసం కన్నా, అది తనకు తెలియకుండా జరగడమే ఎక్కువ గుచ్చుకుంది.

సందు చివర రేకుల షెడ్డు. మగ్గాల మోతలో మనిషి మాట మనిషికి వినపడదు. ఊదారంగు బట్ట గజాలు గజాలుగా దిగుతోంది. గురుమూర్తిని చూడగానే నర్సింగం రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"చెయ్యి చూపించు," అని అరిచాడు గురుమూర్తి.

"ఏ చెయ్యి సార్?"

ఆయన ఒకడుగు ముందుకు వేశాడు. నర్సింగం మెల్లగా కుడిచెయ్యి ముందుకు తెచ్చాడు. గులాబీరంగు పట్టీ. పార్వతి వాచీ.

"తప్పయింది సార్. మీకు జెప్పొద్దన్నది అమ్మ. పొద్దుగాల ఐలమ్మ సంచిల వెట్టి బాల్కనీలకెల్లి తాడుతోని దించుతది. పెద్దోళ్ళు చెప్తె నేను కాదంటనా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి దినం సంది సార్."

ఇంతలో ఓ మగ్గం మీద దారం తెగింది. నర్సింగం ఉరికి, పోగు లాగి, ముడేసి వచ్చాడు. గులాబీ పట్టీ గాల్లో నాలుగుసార్లు మెరిసింది.

"దినమంతా గిదే సార్. గీ కుడిచెయ్యికి జర గూడ రికామ్ లేదు."

గురుమూర్తి ఆ చేతి వంకే చూస్తూ నిలబడ్డాడు. కంపెనీ జవాబు గుర్తొచ్చింది. నాలుగు వారాల మజ్జిగ గుర్తొచ్చింది. కోపం దానంతటదే చల్లారింది. అటూ ఇటూ చూసి, నర్సింగం చెవి దగ్గరికి వంగాడు.

"సోమవారం నుంచి రెండు వాచీలూ చేతులు మార్చి కట్టుకో. అమ్మగారిది ఎడమ చేతికి, నాది కుడిచేతికి."