ఎక్కని బండికి టికెట్లు

ఆ ఉదయం కూడా బెంజమిన్ పక్క స్టేషన్‌కు ఆరు టికెట్లు కొన్నాడు.

బండి వచ్చింది. ఎక్కలేదు.

“ఏం తాతా, పెండ్లోళ్లు ఇంకా రాలేదా?” రోజూ అదే బండెక్కే సతీశ్ కిటికీలోంచి అరిచాడు. పెట్టెలో నవ్వులు.

ముసలాయన కూడా నవ్వాడు. బండి కదిలేదాకా నిలబడి, టికెట్లు జేబులో పెట్టుకున్నాడు.

సతీశ్ పక్కన కూర్చున్న స్వరూప నవ్వలేదు. మతి తప్పిన ఆమె తండ్రి చివరి రోజుల్లో కనబడిన ప్రతి దుకాణంలో అగ్గిపెట్టెలు కొనేవాడు. ఎవరూ ఆపలేదు. ఆమె కూడా.

ఆలేరు దగ్గరి ఆ చిన్న స్టేషన్‌లో సికింద్రాబాద్ బండి ఆగడం మొదలై రెండేళ్లు. అప్పటి నుంచే పత్తి చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. ఆ ఇళ్లలో ఒకటి స్వరూపది. సాయంత్రం బండి దిగి నడిస్తే, పాప నిద్రపోకముందే చేరుతుంది.

మర్నాడు, కౌంటర్‌లో కొత్తగా చేరిన రఘుపతితో అంది.

“అన్నా, ఆ తాతకు టికెట్లు ఇయ్యకు. పింఛనంతా గిట్లనే పోతాంది.”

“అడిగినోనికి లేదని ఎట్లంటనక్కా?”

“మీ నాయినైతే ఇస్తవా?”

రఘుపతి ఆ రోజు ఇవ్వలేదు.

“ఒక్కటన్న ఇయ్యి కొడుకా.” ముసలాయన కౌంటర్ వదలలేదు.

స్వరూప ఆయన చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. “ఇంటికి పో తాతా. గా పైసలతోని మందులు తెచ్చుకో.”

“గట్ల కాదు బిడ్డా, బండి…”

బండి వచ్చేసింది. ఆమె పరుగెత్తింది. చాలా ఏళ్ల తర్వాత మనసు తేలికైంది.

ఆయన మళ్లీ రాలేదు.

మూడు నెలలకు స్టేషన్ గోడ మీద కాగితం అంటించారు. ఒకటో తారీఖు నుంచి బండి ఇక్కడ ఆగదు.

“ఈడ టికెట్లు తెగినన్ని రోజులే ఆపుతమని రైల్వేవోళ్లు అన్నరట.” రఘుపతి తల దించుకున్నాడు. “మీరందరు పాసులు సికింద్రాబాద్‌ల తీసుకుంటరు. ఈడ తెగినయి చానామట్టుకు ఆయన కొన్నయే. నాకూ ఇయ్యాల్నే తెలిసింది.”

స్వరూప ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. గడపలో చింతపండు గింజలు తీస్తున్న భార్య జానమ్మ తలెత్తింది. తాను రోజూ ఆ బండిలోనే వస్తానని స్వరూప చెప్పింది.

“ఆయన మంచం పట్టి, పోయి నెల దాటింది బిడ్డా. బండి మంచిగ ఆగుతాందా?”

“ఒకటో తారీఖు సంది ఆగదట అవ్వా.”

“మరి నువ్వెట్ల దిగుతవ్?”

“మలుపుకాడ మెల్లగైతది. మావోళ్లు దూకుతమంటున్రు. నేను గూడ…”

జానమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“వద్దు బిడ్డా. బండి ఆగని రోజులల్ల మా బిడ్డ భాగ్యశ్రీ, అమ్మా ఒస్తున్ననని ఫోన్ చేసి, గాడ్నే దూకింది.”