కుంట గట్టున యాభై మంది

ఎనిమిదింటికల్లా యాభై మంది రావాలి. ఏడున్నరకి కుంట గట్టు మీద ఇద్దరే ఉన్నారు. ఒకరు కప్పమ్మ. రెండోవారు రేడియో బాబాయ్.

కప్పమ్మ అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. భూగోళశాస్త్రంలో ఎం.ఏ. చదువుతూ, కాలేజీ రేడియోలో గురువారం పొద్దున ఆరింటికి 'నేలా నీరూ' అనే కార్యక్రమం చేస్తుంది. మొదటి వారమే కప్పల అరుపులు రికార్డు చేసి వినిపించింది. దాంతో పేరు ఖాయమైపోయింది.

బాబాయ్ ఆ రేడియోకి టెక్నీషియన్. ఆమె మైకు ముందు కూర్చుంటే ఆయన అద్దం అవతల మీటల ముందు కూర్చుంటాడు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉంది.

మూడో వారం ఆమె కుంట సంగతి ఎత్తుకుంది. హాస్టళ్ళ వెనకున్న కుంటని పూడ్చి, కార్లు నిలుపుకునే స్థలం చేయబోతున్నారని ఎక్కడో కూపీ లాగింది. వెదురుకర్రకి గోళ్ళరంగుతో గీతలు పెట్టుకుని, మోకాలి లోతు బురదలో దిగి నీళ్ళు కొలిచింది. కుంట పోతే హాస్టల్ బోరు కూడా ఎండుతుందని అంకెలతో సహా చెప్పింది. ఆ మూడు వారాలకీ కలిపి వచ్చింది ఒకే ఒక్క ఉత్తరం. అదీ పాటలు వేయమని.

నాలుగో వారం నుంచి మాత్రం ఉత్తరాలు ఊపందుకున్నాయి. స్టూడియో తలుపు పక్కనున్న పెట్టెలో వారానికి ఏడెనిమిది పడేవి. అన్నీ కాలేజీ గోడ అవతలి వీధుల వాళ్ళవే. ఒక దర్జీ, ఒక నర్సమ్మ, రిటైరైన లెక్కల మాస్టారు. "అమ్మాయీ, నీ మాటలు వింటుంటే కుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టుంది" అని మాస్టారు రాశారు. ఆ రోజంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు.

"పొద్దున ఆరింటికి నీ కప్పల్ని ఎవరు వింటారే" అని రూమ్మేటు దుప్పటి ముసుగులోంచి వెక్కిరిస్తే, ఉత్తరాల కట్ట తీసి దాని ముఖం ముందు ఆడించేది.

ఆ కట్ట పట్టుకునే రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒక్క ఉత్తరం కూడా విప్పి చూడలేదు. టీ కప్పు కింద పెట్టి తాపీగా చెప్పాడు.

"ఆదివారం లారీలొస్తాయి. నీకు అంతమంది శ్రోతలుంటే రేడియోలోనే పిలువు. ఎనిమిదింటికల్లా యాభై మంది గట్టు మీద కనబడితే లారీల్ని వెనక్కి పంపిస్తా. పోస్టర్లు అంటించడం, గది గదికీ తిరిగి పోగుచేయడం కుదరదు. రేడియో విని వచ్చినవాళ్ళే లెక్క."

"రాసివ్వండి సార్."

నవ్వుతూ రాసిచ్చాడు కూడా.

గురువారం ఆమె శ్రోతల్ని పిలిచింది. శనివారం సాయంత్రానికి పెట్టెలో ముప్ఫై ఒక్క ఉత్తరాలున్నాయి. అందరిదీ ఒకటే మాట, వస్తున్నాం అని. దర్జీ అయితే ఇంటిల్లిపాదీ వస్తామన్నాడు.

ఇప్పుడు ఎనిమిదికి పది నిమిషాలుంది. ఆరు లారీలు మట్టితో వరసగా నిలబడ్డాయి. డ్రైవర్లు బీడీలు కాల్చుకుంటూ ఈమెనే చూస్తున్నారు.

"వస్తారు కదా బాబాయ్?"

"ఆదివారం కదమ్మా. లేవడం ఆలస్యమైందేమో." బాబాయ్ నీళ్ళ వైపే చూస్తూ అన్నాడు. చొక్కా వీపున చెమటకి తడిసిపోయింది.

ఎనిమిదయింది. లారీల వెంట వచ్చిన మేస్త్రీ మంచివాడు. ఇంకో పావుగంట ఆగాడు. ఆ తర్వాత మొదటి లారీ వెనక్కొచ్చి మట్టి దించింది. నాలుగు నీటికోళ్ళు అరుచుకుంటూ లేచిపోయాయి.

"మాస్టారైనా రాలేదు బాబాయ్. రాలేనని రాస్తే నేనేమన్నా కొట్టేదాన్నా? రిజిస్ట్రారు మాట పక్కన పెట్టి గది గదికీ తిరిగినా సరిపోయేది. వీళ్ళని నమ్మి ఆ పనీ చెయ్యలేదు." ఆమె ఏడ్చింది. బాబాయ్ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాతి గురువారం ఆమె మళ్ళీ మైకు ముందు కూర్చుంది. కప్పల అరుపులు లేవు, అంకెలు లేవు. ముప్ఫై ఒక్క ఉత్తరాలూ ఒక్కొక్కటే చదివింది.

"కుంట పూడ్చినవాళ్ళ మీద నాకంత కోపం లేదు. వాళ్ళు చెప్పి మరీ పూడ్చారు. మీరు వస్తామని చెప్పి రాలేదు. మాస్టారూ, మీ అక్షరాలు చూసి మా తాతయ్యంత వారనుకున్నాను. ఇంత నమ్మకద్రోహం నాకు ఎవరూ చేయలేదు. ఇదే నా చివరి కార్యక్రమం. సెలవు."

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అద్దం అవతల బాబాయ్ తలెత్తలేదు.

బయటికొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "అంతమందిలో మీరొక్కరే వచ్చారు బాబాయ్. ఇక్కడ నన్ను మోసం చేయని మనిషి మీరొక్కరే."

"జాగ్రత్తగా వెళ్ళమ్మా" అన్నాడాయన.

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయాక బాబాయ్ మళ్ళీ మీటల ముందు కూర్చుని, రిజిస్ట్రారు ఆర్డరు వచ్చిన నాలుగో వారం నుంచీ ప్రతి గురువారం ఆమె గొంతుకి బదులు బయటికి పంపుతున్న సినిమా పాటల్ని ఆపేసి, దర్జీగా, నర్సమ్మగా, మాస్టారుగా తాను ఉత్తరాలు రాసిన పెన్నులన్నీ సొరుగులోంచి తీసి చెత్తబుట్టలో పడేశాడు.