లిఫ్టు పేజీకి పసుపు అంచు

ఆ రోజుల్లో యంత్రాలకు ఎవరూ ప్రోగ్రాములు రాసేవారు కాదు. ఏం చెయ్యాలో మామూలు తెలుగులో డాక్యుమెంటేషన్ రాసి పెడితే, అవే పైనుంచి కిందికి చదువుకుని పనిచేసేవి. దాంతో జనం ఆ పేజీల సింగారంలో పడ్డారు.

మా అపార్ట్‌మెంటు లిఫ్టు డాక్యుమెంటేషన్ నళిని చూసేది. "మొట్టమొదటి మాటే 'మనిషి ఇరుక్కుంటే తలుపు తియ్యి' అని ఉంటే ఎలాగమ్మా? అశుభం," అని ఆమె అత్తగారు హైమావతి కమిటీ మీటింగులో అభ్యంతరం చెప్పారు. కమిటీ తలూపింది. నళిని ఆ వాక్యాన్ని చిట్టచివరికి పంపి, మొదట్లో పసుపు అంచు, స్వాగత పద్యం, కమిటీ సభ్యుల ఫొటోలు, వాళ్ల బిరుదులు పెట్టింది. పేజీ అందానికి కాలనీలో బహుమతి కూడా వచ్చింది.

శుక్రవారం రాహుకాలం రాకముందే గుడికి వెళ్లాలని బయల్దేరిన హైమావతి, రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయారు.

"కంగారు పడకండి, చదువుతున్నాను. ప్రస్తుతం కోశాధికారి గారి ఫొటో దగ్గరున్నాను," అంది లిఫ్టు వినయంగా.

"నళినీ, ఆ తలుపు మాట కాస్త పైకి జరపమ్మా," అని లోపలినుంచి అత్తగారి గొంతు వినిపించింది.

నళిని లాప్‌టాప్ తెరిచి, గడియారం చూసింది.

"రాహుకాలం మొదలైంది అత్తయ్యా. అయ్యాక జరపమంటారా?"