ముందు వరస కుర్చీ

“ఆ బోర్డు తీసేశారేంటి అంకుల్?” అంది ఉజ్వల.

పార్థసారథి తన పేరున్న డీజే బోర్డును స్పీకరు వెనక్కి తోసి, టోపీని కనుబొమల దాకా లాక్కున్నాడు. “గాలికి పడిపోతోందమ్మా” అన్నాడు. ఏసీ హాల్లో గాలేమిటో, పడిపోవడమేమిటో! సిగ్గుతో చస్తున్న మనిషికి అంతకంటే మంచి అబద్ధం ఎక్కడ దొరుకుతుంది?

వారమంతా సాఫ్ట్‌వేరు, శని ఆదివారాలు డీజే. కంప్యూటరు ఉద్యోగాల పుణ్యమా అని తెలుగువాళ్లు సింగపూర్‌లో వరసగా దిగుతున్న రోజులవి. బారసాలకైనా పుట్టినరోజుకైనా పాటలు పెట్టాలంటే యీషున్‌లో ఉండే పార్థసారథికే ఫోను వచ్చేది. ఈ రిసెప్షన్ కూడా అలాంటిదేననుకుని ఒప్పుకున్నాడు. జంటలో ఇద్దరూ మగవాళ్లేనని, లండన్‌లో సంతకాలు పెట్టి వచ్చారని మొన్ననే తెలిసింది. మాటిచ్చాక మానెయ్యడానికి నోరు రాలేదు. భార్య లలితకుమారికి మాత్రం ఆఫీసు వాళ్ల భోజనాలని చెప్పి వచ్చాడు.

వచ్చినప్పటి నుంచి తలెత్తి జంట వైపు సరిగ్గా చూడనే లేదు. గుమ్మం దగ్గర పూలతో ‘డేవిడ్, కేపీ’ అని రాసుంది. ఒకడు తెల్లవాడు. రెండోవాడు మనవైపు రంగు, తమిళబ్బాయి కాబోలు అనుకుని అంతటితో వదిలేశాడు.

ఉజ్వల వాళ్ల స్నేహితురాలు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఏర్పాట్లన్నీ తనవే. “ఫస్ట్ కేక్ అంకుల్. నెక్స్ట్ కేపీ వాళ్ల ఫాదర్ స్పీచ్. ఆయన వస్తే మైక్ ఇవ్వండి. రాకపోతే స్ట్రెయిట్ డాన్స్ సాంగ్, ఓకే లా?” అంది సింగపూర్ యాసలో.

“అలాగేనమ్మా.”

చెమట పడుతోంది. ముందు వరసలో ఖాళీ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు కనిపిస్తే చెయ్యి చాచి తీసుకున్నాడు.

“అయ్యో, పెట్టేయండి అంకుల్! ఆ సీటు చోప్ చేశారు!”

తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి కుర్చీ పట్టుకోవడం, అదే ‘చోప్’ చెయ్యడం, ఈ ఊళ్లో అందరూ చేసేదే. పెళ్లి విందులో కూడానా?

“కేపీ మార్నింగే వచ్చి పెట్టాడు. ఎవ్వరినీ కూర్చోనివ్వడం లేదు” అంది ఉజ్వల.

పార్థసారథి గబుక్కున ప్యాకెట్టు తిరిగి పెట్టి తలెత్తేసరికి, గుమ్మంలో రామారావుగారు! తెలుగు సంఘంలో ఉగాది దగ్గర్నుంచి దీపావళి దాకా అన్నీ ఆయన చేతుల మీదే జరుగుతాయి. ఆయన కంట పడితే ఇంకేముంది, సోమవారం కల్లా మనవాళ్లుండే ఆంగ్ మో కియో పేటంతా కోడై కూస్తుంది.

ఎదురు హాల్లో మారయ్యగారి మనవడి పుట్టినరోజు. దానికొచ్చి దారి తప్పారన్నమాట. ఆయన లోపలికి తొంగి చూశారు, వెనక్కి వెళ్లారు, మళ్లీ వచ్చారు. ఆయనే వచ్చి పట్టుకునేలోగా తానే వెళ్లడం నయమనుకున్నాడు పార్థసారథి.

“అంకుల్, మారయ్యగారిది ఆ హాలు.”

“తెలుసు బాబూ.” రామారావు కండువాతో మొహం తుడుచుకున్నారు. “లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?”

“ఛఛ! మర్యాదస్తులు ఇలాంటి చోట గడప తొక్కుతారా అంకుల్? నేను తెలీక ఇరుక్కున్నాను. సిగ్గుతో తల తీసేసినట్టుంది. దయచేసి మనవాళ్లెవరికీ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.”

“అంత సిగ్గుపడాల్సిన పనంటావా?”

“కాదా మరి! కన్నవాళ్లు ఏ మొహం పెట్టుకుని నలుగురిలో తిరుగుతారో!”

రామారావు కండువా మళ్లీ భుజాన వేసుకున్నారు. “ఎవరికీ చెప్పన్లే బాబూ” అని లిఫ్టు వైపు నడిచారు. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా చూసి, పార్థసారథి అమ్మయ్య అనుకున్నాడు. ఎదురు హాలుకు వెళ్లాల్సిన మనిషి లిఫ్టెందుకు ఎక్కారన్న ఆలోచనే రాలేదు.

లోపల కేకు కోశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే కేపీ ఒక్కడే గుమ్మం వైపు చూస్తున్నాడు. పార్థసారథి మొదటిసారి ఆ కుర్రాడి మొహంలోకి చూశాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు పాపం. ఇందాక అన్న మాటలు గుర్తొచ్చి పార్థసారథికి చివుక్కుమంది. ఈసారి సిగ్గేసింది తన నోటిని చూసుకునే.

ఉజ్వల తల అడ్డంగా ఊపింది. అంటే డాన్స్ పాటే. బటన్ మీదికి వెళ్లిన అతని చేతిని ఎవరో పట్టుకున్నారు.

“అంకుల్! మీరు లిఫ్టు ఎక్కారు కదా?”

“ఎక్కాను. మళ్లీ దిగాను.” రామారావు రెండో చేతిలో టిష్యూ ప్యాకెట్టు నలుగుతోంది.

“మైకివ్వు బాబూ, పెళ్లికొడుకు తండ్రిని.”