ఆరు జల్లెళ్లు

రాజమండ్రిలో కట్టుబడి ఇసుకని పరీక్షించే లేబ్‌లో వెంకటదుర్గ ఎండబెట్టిన కిలో ఇసుకను పై జల్లెడలో పోసి మూత పెట్టింది. ఒకదాని కింద ఒకటిగా ఆరు జల్లెళ్లు, అడుగున పళ్లెం. షేకర్ పది నిమిషాలు ఊగి ఆగింది.

ఏ జల్లెడలో ఎంత నిలిచిందో తూచి కాగితం మీద రాసింది.

"ఎలా ఉందండి దుర్గగారూ? రేపే స్లాబండి," అన్నాడు ఇసుక తెచ్చిన సైటు ఇంజనీరు మణిశంకర్.

"బాగుందండి. మట్టి లేదు. గరుకూ సన్నమూ కుదురుగా కలిశాయి. ఇది పైపైన తీసింది కాదండి. గోదాట్లో మూడు నిలువుల లోతున తవ్వింది."

"జల్లెడ చూసి లోతు కూడా చెప్పేస్తారేంటండీ!" నవ్వాడతను.

ఆమె సొరుగులోంచి ఒక పొట్లం తీసి, జల్లించిన ఇసుక పక్కనే విప్పింది. గుప్పెడు ఇసుక. అదే రంగు, అదే గరుకు.

"కార్తీకంలో స్నానానికి దిగి, ఇసుక తవ్విన మూడు నిలువుల గోతిలో మునిగిపోయారండి మా ఆయన. పైకి తీశాక గుప్పిట్లో ఇది ఉంది."

మణిశంకర్ పొట్లం మీదికి వంగి చూశాడు.

"టెస్టుకి గుప్పెడు చాలదండి. ఆ గోతి ఇసుక ఎలాంటిదో ఇవాళ చూశాను," అంటూ వెంకటదుర్గ కాగితం మీద పాస్ ముద్ర వేసి అతని చేతికిచ్చింది.