మూడో పిన్ను

పాట మంచి ఊపులో ఉండగా గిటార్ మూగబోయింది.

గాయకుడు వెనక్కి తిరిగి చూశాడు. ఆంప్లిఫయర్ పక్కన ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో ప్లగ్గు, ఇంకో చేతిలో స్క్రూడ్రైవర్.

"ఎవరయ్యా నువ్వు? లోపలికెలా వచ్చావ్?"

"షట్టరు తీసే ఉంది బాబూ."

"తీసుంటే దూరిపోవడమేనా?" డ్రమ్మరు పుల్లలు పట్టుకునే లేచాడు.

అది టైర్ల షాపు వెనక గోడౌను. డ్రమ్మరు ఆ షాపులోనే పంక్చర్లు వేస్తాడు. గాయకుడు ఇంటింటికీ కొరియర్ కవర్లు పంచుతాడు. బేస్ గిటార్ వాయించేవాడిది జెరాక్స్ షాపు. ముగ్గురూ చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ. ఆదివారం వస్తే చాలు, రబ్బరు వాసనలో గొంతులు చించుకుంటారు.

"ఈ ప్లగ్గుకి మూడో పిన్ను లేదు. ఎర్త్ పిన్ను," అన్నాడు ముసలాయన.

"ఉండదు. మేమే పీకేశాం. అది ఉంటే స్పీకరు గుయ్యిమంటుంది."

"అననీండి. షాక్ కొట్టకుండా ఉంటుంది."

"రెండేళ్లుగా వాయిస్తున్నాం. ఎప్పుడూ కొట్టలేదే?"

"కొట్టేదాకా కొట్టదు బాబూ."

"అసలు నీకు సంగీతం తెలుసా?"

"తెలీదు. వినడం ఈమధ్యే మొదలుపెట్టాను."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

"ఊళ్లో ఏ బ్యాండుకైనా ఇదే కిటుకు తాతా," అన్నాడు గాయకుడు. "ఎవడు కనిపెట్టాడో గానీ వాడి కాళ్లకు దణ్ణం పెట్టాలి!"

ముసలాయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. తడుముకుని తీసుకున్నాడు. సంచిలోంచి కొత్త ప్లగ్గు తీసి బిగించాడు. వెళ్లిపోయాడు.

ఆరా తీస్తే తెలిసింది, ఆయన అన్ని బ్యాండ్ల దగ్గరికీ ఇలాగే వెళ్తున్నాడట. 'ప్లగ్గుల తాత' అని పేరు కూడా పెట్టేశారట. అంతకుమించి ఆయనెవరో ఎవరికీ పట్టలేదు. పట్టించుకోవడానికి ఆయనేమైనా పాడతాడా, వాయిస్తాడా!

శనివారం టౌన్‌హాల్లో ప్రోగ్రాం.

ఇంతవరకూ వాళ్లు వాయించినవన్నీ స్నేహితుల పుట్టినరోజులే. ఈసారి నిజమైన స్టేజి. పాటలు రికార్డు చేసే పెద్దమనిషి ఒకాయన పొరుగూరి నుంచి వస్తున్నాడు. నచ్చితే ఆల్బమ్ చేస్తానన్నాడు. గాయకుడి అమ్మ కూడా వచ్చింది. కొడుకు పాట ఎన్నడూ వినని మనిషి, అందరికన్నా ముందొచ్చి మొదటి వరసలో కూర్చుంది.

స్విచ్ వేశారు. హాల్లోకి కందిరీగల తుట్టె వచ్చి పడినట్టు స్పీకరు గుయ్యిమంది.

"కొంప ముంచాడురా ముసలాడు," అన్నాడు గాయకుడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఏదో ఒకటి చెయ్యరా!"

డ్రమ్మరు ఒక్క క్షణం తటపటాయించాడు. కొట్టేదాకా కొట్టదన్న మాట గుర్తొచ్చింది. కానీ స్నేహితుడి మొహం చూడలేకపోయాడు. కటింగ్ ప్లేయర్ తీసుకుని పిన్ను పీకేశాడు.

హాలు నిశ్శబ్దమైంది. గాయకుడు వాణ్ని గట్టిగా వాటేసుకున్నాడు.

గుమ్మం దగ్గర ముసలాయన వాచ్‌మన్‌ని బతిమాలుతున్నాడు. ఆయన్ని రానివ్వొద్దని ముందే చెప్పి ఉంచారు.

"ఒక్కసారి ప్లగ్గు చూసొచ్చేస్తాను నాయనా. పాట కూడా వినను."

"పోవయ్యా!"

వాచ్‌మన్ తోసిన తోపుకి సంచి ఎగిరిపడింది. కొత్త ప్లగ్గులు మెట్లమీద దొర్లాయి. లోపలికెళ్లేవాళ్లు వాటిని తొక్కకుండా దాటుకుంటూ నవ్వుకున్నారు.

మొదటి పాటకు చప్పట్లు. రెండోదానికి ఈలలు.

మూడో పాటలో గాయకుడు ఒళ్లంతా చెమటతో ముందుకు వంగాడు. చేతిలో గిటార్. పెదవులు మైకుకి తగిలాయి.

గట్టిగా కేక పెట్టాడు.

పాటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. వాళ్లమ్మ కూడా కొట్టింది. డ్రమ్మరు వాయిస్తూనే ఉన్నాడు.

అది పాట కాదని తెలిసింది బయటున్న ఒక్క మనిషికే. వరండాలోకి పరిగెత్తి మెయిన్ ఆపేశాడు. హాలంతా చీకటైంది. ఎవడ్రా ఆపిందంటూ జనం బూతులు తిట్టారు.

లైట్లు వచ్చేసరికి గాయకుడు లేడు. స్టేజి మీద వాడి ఒళ్లు మాత్రం ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే డ్రమ్మరు వాచ్‌మన్ దగ్గర్నుంచి ఆ సంచి తీసుకున్నాడు. సంచి మీద ఒక రేడియో రిపేరు షాపు అడ్రసు ఉంది. వెతుక్కుంటూ వెళ్లాడు. సగం దించిన షట్టరు వెనక ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"పిన్ను నేనే పీకాను తాతా," అన్నాడు డ్రమ్మరు. గాయకుడి అమ్మ కాళ్లమీద పడి కూడా చెప్పలేకపోయిన మాట అది.

తిడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

ముసలాయన స్టూలు జరిపాడు. "కూర్చో."

"ఎన్నో పాట?" అని అడిగాడు.

"మూడోది."

"మావాడు మొదటి పాట కూడా పూర్తి చెయ్యలేదు."

డ్రమ్మరు తలెత్తాడు.

ముసలాయన సొరుగు లాగి, నల్లబడిన ఇత్తడి పిన్ను ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"గుయ్యిమంటోంది నాన్నా, ఏదో ఒకటి చెయ్యమన్నాడు. ఈ ఊళ్లో మొదటి పిన్ను పీకింది నేనే బాబూ."