డ్రైవరు ఓటు

"ఆ గోల కట్టేయించమ్మా, తల పగిలిపోతోంది" అన్నాడు ముందు సీట్లోని రిటైరైన హెడ్మాస్టరు.

"గోల కాదండీ, ఆల్బం. కొత్త బ్యాండు, మొదటి ఆల్బం" అంది కండక్టరు టిక్కెట్టు చింపి ఆయన చేతిలో పెడుతూ. "పల్లె పాటలకి ఎలక్ట్రిక్ గిటారు తగిలించి పాడారు. ఇవాళ బస్సెక్కినవాళ్లంతా బాగుందో బాలేదో చెప్పి దిగాల్సిందే."

చివరి సీట్లో కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్న డ్రైవరు కూతురు సీట్లో ఇంకాస్త కిందికి జారింది. ఆ పాడుతున్న గొంతు తనదేనని బస్సులో తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు కండక్టరుగా ఉన్న మేనత్త. ఇంకొకరు స్టీరింగు ముందున్న నాన్న.

బస్సు తీసేముందు నాన్న తెగేసి చెప్పాడు. "నాకు సంగీతం తెలీదు. నన్నడక్కు. జనం చెప్పనీ. చివరి స్టాపు వచ్చేలోపు బాగుందన్నవాళ్లు ఎక్కువైతే బ్యాండుతో కలిసి ఊరూరా కచేరీలు చేసుకో. లేదంటే గిటారు అటకెక్కుతుంది."

"నాకైతే బాగుంది" అంది కూరగాయల గంప కాళ్ల మధ్య పెట్టుకున్న ఆవిడ.

హెడ్మాస్టరు వెనక్కి తిరిగాడు. "ఏం బాగుంది? ఈ కోతల పాట మా అమ్మ పాడేది. ఇలా కరెంటు పెట్టి పాడలేదు."

"మీ అమ్మకి కరెంటు ఉంటేగా" అంది గంప ఆవిడ.

బస్సంతా నవ్వింది. హెడ్మాస్టరు మాత్రం "నా లెక్కలో బాలేదు" అని చెయ్యెత్తాడు. ఆయనతో పాటు పక్కనున్న మందుల షాపాయనా ఎత్తాడు.

కాలేజీ కుర్రాడొకడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకి కాసేపు విన్నాడు. "డ్రమ్స్ అదిరాయి. కానీ పాట మధ్యలో గిటారొక్కటే అంతసేపు ఎందుకు? అక్కడ బోరు."

చివరి సీట్లో అమ్మాయి పెదవి కొరుక్కుంది. ఆ ముక్క ఉండి తీరాలని బ్యాండులో వాళ్లతో పోట్లాడింది తనే.

"ఇంతకీ నీ ఓటెటు?" అంది కండక్టరు.

"సగం అటు, సగం ఇటు."

"అర టిక్కెట్టు వయసు ఎప్పుడో దాటిపోయావు గానీ, పూర్తిగా చెప్పు."

"అయితే బాలేదు."

కిటికీకి తల ఆనించి గురక పెడుతున్న తాపీమేస్త్రి దగ్గర గొడవ మొదలైంది. ఇంత చప్పుడులోనూ నిద్ర పట్టిందంటే పాట కమ్మగా ఉన్నట్టేనంది గంప ఆవిడ. విసుగొచ్చి పడుకున్నాడన్నాడు మందుల షాపాయన. మేస్త్రి ఒక కన్ను తెరిచి, "నేను వింటూనే ఉన్నాను. బాగుంది. మీరే విననివ్వట్లేదు" అని మళ్లీ కన్ను మూశాడు.

డ్రైవరు కూతురి పక్కన కూర్చున్న టైలరమ్మ మోచేత్తో పొడిచింది. "నాకూ నచ్చింది. నువ్వేమంటావే? మీ నాన్న బస్సని టిక్కెట్టుతో పాటు ఓటు కూడా ఎగ్గొడతావా?"

"బాగానే... ఉన్నట్టుంది."

"ఉన్నట్టుందేమిటే నసుగుతూ. ఆ పాడే పిల్లని చూడు, గొంతు విప్పి ఎంత నిబ్బరంగా పాడుతోందో. నీలాంటివాళ్లు ఆ పిల్లని చూసి నేర్చుకోవాలి."

అమ్మాయి గబుక్కున కిటికీ వైపు తిరిగింది. నవ్వొకటి తన్నుకొస్తోంది, దాచడానికి చోటు దొరకడం లేదు. అప్పటిదాకా వంగిపోయి ఉన్న వీపు తనకి తెలియకుండానే నిటారుగా అయింది.

"దీనికి ఓటు లేదులే, చిన్నపిల్ల" అని ఆమెను తప్పించి, కండక్టరు బస్సంతా ఒకసారి తిరిగొచ్చి చేతులు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ముఖం కాస్త వాడింది.

"అటెంతమందో ఇటూ అంతమందే."

"సమానమైతే ఓడినట్టే. కట్టేయించు" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆగండి మాస్టారూ. డ్రైవరు ఓటు మిగిలింది."

అమ్మాయి నవ్వు ఎగిరిపోయింది. నన్నడక్కు అన్న మనిషి ఇప్పుడేం చెబుతాడు? లేచి నిలబడి ముందున్న అద్దంలో నాన్న ముఖం వెతికింది. ఎప్పటిలాగే ఉంది ఆ ముఖం. మెచ్చుకోలు గానీ చిరాకు గానీ పట్టుకుందామంటే దొరకదు.

అప్పుడే ఆల్బంలో చివరి పాట మొదలైంది. అందులో డ్రమ్ములు లేవు. గిటారు సన్నగా మోగుతుంటే తన గొంతు ఒక్కటే నెమ్మదిగా పైకి లేస్తోంది. బస్సులో మాటలు సద్దుమణిగాయి. గంప ఆవిడ కూడా ఏదో అనబోయి మానేసింది.

"అన్నయ్యా, నువ్వు చెప్పు. బాగుందా, బాలేదా?" అంది కండక్టరు.

డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"అన్నయ్యా, నిన్నే."

కండక్టరు సీట్లు పట్టుకుంటూ ముందుకెళ్లింది. డ్రైవరు భుజం తట్టబోయింది. ఎదురుగా రోడ్డు చూసి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపేసింది. మెల్లగా వెనక్కి తిరిగి చివరి సీటు వైపు చూసింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"డ్రైవరు ఓటు పడిపోయింది మాస్టారూ."

"ఎటు? ఆయన నోరు తెరవందే" అన్నాడు హెడ్మాస్టరు.

"ఒకసారి బయటికి చూడండి."

అందరూ కిటికీల్లోంచి చూశారు. ఏళ్ల తరబడి రోజూ బస్సు ఎడమకి తిరిగే వంతెన మలుపు ఎప్పుడో వెనకబడిపోయింది, కూతురి పాట వింటూ మైమరిచి నాన్న బస్సుని ఎవరికీ తెలియని రోడ్డు మీద తిన్నగా పోనిస్తున్నాడు.